చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనిపిస్తుందా? మరి మన కృష్ణా డెల్టా సంగతేంటి?

విజయవాడలోనో గుంటూరులోనో పోటీ పరీక్షలకి ప్రిపేరైనవాళ్ళలో ఈ జీకే బిట్ చదవనివాళ్ళు తక్కువే ఉంటారు. చంద్రుడి మీద నుంచి చూస్తే కనిపించే ఒకే ఒక్క మానవ నిర్మాణం ఏది? జవాబు చైనా గోడ. స్కూల్లో సార్ చెప్పారు, పాత జీకే పుస్తకంలో అచ్చేశారు, ఇంట్లో పెద్దవాళ్ళకీ అదే తెలుసు, ఇప్పుడు పిల్లలు అదే ముక్క యూట్యూబ్ షార్ట్స్‌లో చూస్తున్నారు. ఇంతమంది చెప్పింది తప్పెలా అవుతుంది అనిపిస్తుంది గానీ ఇది తప్పే. అదీ చిన్నాచితకా తప్పు కాదు, చంద్రుడి వరకు తీసుకుంటే లెక్కలో దాదాపు 18 వేల రెట్లు తేడా వచ్చే తప్పు. ఆ లెక్క కిందకి వెళ్తే వస్తుంది.

ముందు ఈ మాట ఎక్కడ పుట్టిందో చూస్తే తమాషాగా ఉంటుంది. 1754లో విలియం స్టూక్లీ అని ఇంగ్లండులో పాత కట్టడాల మీద పరిశోధన చేసే ఒకాయన, అక్కడి హేడ్రియన్ గోడ గురించి ఒక ఉత్తరంలో తెగ పొగిడి, దీన్ని మించింది చైనా గోడ ఒక్కటే, అదైతే చంద్రుడి నుంచి కూడా ఆనవచ్చు అన్న అర్థం వచ్చేలా రాసేశాడు. మనిషి బెలూన్‌లో గాల్లోకి లేచిందే 1783లో, అంటే ఈయన అన్న ముప్ఫై ఏళ్ళకి. 1895లో హెన్రీ నార్మన్ అనే జర్నలిస్టు కూడా చంద్రుడి నుంచి కనబడే ఏకైక మానవ నిర్మాణంగా దానికి పేరుందని రాశాడు, గమనించండి, పేరుందని మాత్రమే. 1932లో అమెరికాలో రిప్లీ గీసే 'నమ్మినా నమ్మకపోయినా' కార్టూన్‌లో అదే మాట వచ్చాక ఇక దాన్ని పట్టుకునేవాళ్ళు లేరు. గగారిన్ అంతరిక్షంలోకి వెళ్ళింది 1961లో, ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద దిగింది 1969లో. అంటే ఒక్కడు కూడా పైకెళ్ళి చూడకముందే రెండొందల ఏళ్ళుగా ఈ మాట నడుస్తోంది, చెక్ చేసే మార్గం లేదు కాబట్టే హాయిగా నడిచింది.

తీరా మనుషులు నిజంగా చంద్రుడి దాకా వెళ్ళి, అబ్బే ఏం కనబడట్లేదు అని చెప్పాక అయినా ఈ మాట చచ్చిపోవాలి కదా, చావలేదు, అడ్రస్ మార్చుకుంది. చంద్రుడి మీద నుంచి అన్నది కాస్తా అంతరిక్షం నుంచి అయిపోయింది. పాత పుస్తకంలో చంద్రుడు, కొత్త వాట్సాప్ ఫార్వర్డ్‌లో స్పేస్. ఈ రెండో వెర్షనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే అందులో ఎంత దూరం నుంచి అన్న సంగతే ఉండదు.

అంతరిక్షం అంటే ఒక చోటు కాదు. సముద్ర మట్టానికి 100 కిలోమీటర్ల పైన కార్మన్ రేఖ దాటితే అంతరిక్షం అని ఎక్కువమంది ఒప్పుకుంటారు, అమెరికావాళ్ళు 80 కిలోమీటర్లకే ఒప్పుకుంటారు. 100 కిలోమీటర్లంటే గుంటూరు నుంచి ఒంగోలుకి నేరుగా గీత గీస్తే వచ్చే దూరం, అంతే. 2021 జులై 11న మన గుంటూరు ప్రాంతం మూలాలున్న బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో వెళ్ళొచ్చింది సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకి. ఆస్ట్రోనాట్లు నెలల తరబడి ఉండే ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్, అంటే ఐఎస్‌ఎస్, సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది, విజయవాడ నుంచి చెన్నైకి గీత గీస్తే కూడా దాదాపు అంతే, కాకపోతే ఆ గీత నిలువుగా పైకి గీయాలి. చంద్రుడు మాత్రం సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఐఎస్‌ఎస్ ఉన్న దూరానికి ఇది 960 రెట్లు. ఒంగోలు దూరాన్నీ చంద్రుడి దూరాన్నీ కలిపి ఒకే మాటలో స్పేస్ అనేసి, అక్కడ నుంచి ఫలానాది కనిపిస్తుందా అని అడిగితే జవాబు ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు, మన ఫార్వర్డ్‌లలో జరిగేది అదే.

ఇప్పుడు కన్ను సంగతి. చూపు బాగున్న మనిషి కన్ను పక్కపక్కన ఉన్న రెండు చుక్కల్ని రెండుగా గుర్తుపట్టాలంటే వాటి మధ్య కనీసం ఒక ఆర్క్ మినిట్ కోణం ఉండాలి, అంటే ఒక డిగ్రీలో 60వ వంతు. కంటి డాక్టర్ దగ్గర 6/6 అని రాస్తారే, ఆ చూపు వెనకాల ఉన్న లెక్క ఇదే. దీన్ని దూరంలోకి మార్చడం చాలా ఈజీ, ఎంత దూరం నుంచి చూస్తున్నారో దాన్ని సుమారు 3,440తో భాగిస్తే చాలు, వచ్చినదాని కంటే చిన్న వస్తువు విడిగా, ఒక ఆకారంలా కనబడదు. గన్నవరంలో ఎక్కిన ఫ్లైట్ పది కిలోమీటర్ల ఎత్తుకి చేరాక కిటికీలోంచి చూస్తే 3 మీటర్లు, అందుకే హైవే మీద లారీలు చుక్కల్లా అయినా తెలుస్తాయి. శిరీష వెళ్ళిన ఎత్తు నుంచి 25 మీటర్లు. కార్మన్ రేఖ నుంచి 29 మీటర్లు. ఐఎస్‌ఎస్ నుంచి 116 మీటర్లు. చంద్రుడి మీద నుంచి 112 కిలోమీటర్లు. మీటర్లు కాదు, కిలోమీటర్లే.

చైనా గోడ వెడల్పు బాగా నిలిచి ఉన్న చోట్ల ఓ 5, 6 మీటర్లు.

ఇక్కడితో చంద్రుడి గొడవ అయిపోయినట్టే. 112 కిలోమీటర్లు కావాల్సిన చోట 6 మీటర్లు. దుర్గ గుడి మెట్ల దగ్గర నిలబడి బెంజ్ సర్కిల్ అవతల ఎవరో పట్టుకున్న ఒక్క తల వెంట్రుకని చూడటం ఎలాంటిదో చంద్రుడి నుంచి ఈ గోడని చూడటం అలాంటిది, దూరానికీ మందానికీ ఉన్న నిష్పత్తి దాదాపు సరిపోతుంది, కావాలంటే లెక్కేసుకోండి. అపోలో 12లో వెళ్ళి చంద్రుడి మీద నడిచిన అలన్ బీన్ కూడా ఇదే చెప్పాడు, అక్కడ నుంచి భూమి ఎక్కువగా తెల్లగా, కొంత నీలంగా, ఎడారుల దగ్గర పసుపు మరకలతో, అప్పుడప్పుడు కాస్త పచ్చగా కనిపిస్తుంది తప్ప మనిషి చేసింది ఏదీ ఆ స్కేల్‌లో కనబడదని. ఆర్మ్‌స్ట్రాంగ్‌దీ అదే మాట. చంద్రుడి నుంచి భూమి మొత్తం రెండు డిగ్రీల లోపే ఉంటుంది, మనకి పున్నమి చంద్రుడు కనిపించేదానికి వెడల్పులో ఓ నాలుగు రెట్లు. అందులో విజయవాడ నుంచి బందరు దాకా ఉన్న ప్రాంతమంతా కలిపినా ఒక చుక్క నిండదు.

మరి పొడవో? అందరూ పడేది ఇక్కడే. 2012లో చైనా ప్రభుత్వం చేయించిన సర్వేలో అన్ని రాజవంశాల కాలపు గోడలూ కలిపి 21,196 కిలోమీటర్లని తేల్చారు, అంత పెద్దది కనిపించకపోవడం ఏంటి అనిపిస్తుంది. కానీ కన్నుకి కావాల్సింది పొడవు కాదు, వెడల్పు. వెడల్పు తగ్గాక పొడవు ఎంత పెంచినా పెద్దగా ఉపయోగం లేదు, పెద్దగా అని ఎందుకు అనాల్సి వచ్చిందంటే ఇందులో ఒక చిన్న మెలిక ఉంది, అది లేకుండా చెప్తే మనం కూడా ఫార్వర్డ్ బ్యాచే అవుతాం.

మెలిక ఏంటంటే, ఆ ఒక ఆర్క్ మినిట్ రూల్ రెండు చుక్కల్ని విడదీసి చూడటానికి. సన్నని పొడవాటి గీత విషయంలో, అదీ వెనకాల రంగుకి బాగా తేడా ఉంటే, కన్ను అంతకంటే చాలా సన్నదాన్ని కూడా పట్టేస్తుంది. తెల్లటి ఆకాశం మీద నల్లటి కరెంటు తీగ ఎంతో దూరం నుంచి తెలిసిపోవడం అందుకే. 1963 మేలో గోర్డన్ కూపర్ అనే అమెరికన్ ఆస్ట్రోనాట్ మెర్క్యురీ క్యాప్సూల్‌లో భూమి చుట్టూ తిరుగుతూ, టిబెట్ వైపు రోడ్లు, ఇళ్ళు, వాటి పొగ గొట్టాల్లోంచి వచ్చే పొగ కూడా కనిపిస్తున్నాయని చెప్పాడు. మొదట్లో చాలామంది నమ్మలేదు, భ్రమ పడ్డాడేమో అనుకున్నారు. తర్వాత 1965లో జెమిని 5 వెళ్ళినప్పుడు అమెరికాలో టెక్సాస్ దగ్గరా ఆస్ట్రేలియాలోనూ నేల మీద పెద్ద పెద్ద తెల్లటి గుర్తులు పరిచి, పైనుంచి వాటిని గుర్తుపట్టగలరా అని టెస్ట్ పెట్టారు. రంగు తేడా బాగుంటే కక్ష్యలోంచి రోడ్డు లాంటి గీతలు ఆనతాయి అన్నది ఇప్పుడు పెద్ద వివాదం కాదు. ఎడారిలో తారురోడ్డు కనబడుతుంది, సముద్రం మీద ఓడ కనబడకపోయినా దాని వెనక తెల్లటి నురగ చార కనబడుతుంది.

సరిగ్గా ఈ రంగు తేడా విషయంలోనే చైనా గోడ ఫెయిల్. దాన్ని కట్టినవాళ్ళు ఎక్కడికక్కడ దొరికినదాంతో కట్టారు, బీజింగ్ చుట్టుపక్కల రాయి, ఇటుక, పడమర ఎడారి వైపు వెళ్ళేకొద్దీ దిమ్మిస చేసిన మట్టి. ఆ మట్టి గోడకీ కింద నేలకీ రంగులో తేడా దాదాపు లేదు. పైగా అది తిన్నగా ఉండదు, కొండ శిఖరాల వెంట వంకర్లు తిరుగుతూ పోతుంది, చాలా చోట్ల కూలి మట్టిదిబ్బగా మిగిలింది. ఇది అర్థం కావడానికి చైనా దాకా వెళ్ళక్కర్లేదు, నరసరావుపేట రోడ్డు మీద నుంచి కొండవీడు వైపు చూడండి. రెడ్డిరాజుల కోట గోడలు ఆ కొండ మీదే ఉన్నాయి, కానీ ఆ కొండ రాయితోనే కట్టారు కాబట్టి కింద నుంచి చూస్తే ఏది గోడో ఏది బండో తేల్చుకోవడానికి టైం పడుతుంది. అదీ కొన్ని కిలోమీటర్ల దూరంలో నేల మీదే నిలబడి.

ఇక పైనుంచి చూసినవాళ్ళ సాక్ష్యాలు. 2003 అక్టోబర్‌లో చైనా తన మొదటి ఆస్ట్రోనాట్ యాంగ్ లివెయ్‌ని షెన్‌జౌ 5లో పంపింది, 14 సార్లు భూమి చుట్టూ తిరిగొచ్చాడు. దిగగానే సహజంగా గోడ గురించే అడిగారు, కనబడలేదు అన్నాడు. చైనాలో ఇది చిన్న విషయం కాదు, అక్కడి స్కూల్ పాఠ్యపుస్తకంలోనే గోడ అంతరిక్షం నుంచి కనిపిస్తుందని ఉండేది, ఆ పాఠం మార్చాల్సి వచ్చింది. చైనా పుస్తకాల్లోంచి పోయిన బిట్ మన జీకే గైడ్లలో ఇంకా బతికుండటం మాత్రం కాస్త కామెడీనే. కెనడా ఆస్ట్రోనాట్ క్రిస్ హాడ్‌ఫీల్డ్ కూడా 2013లో ఐఎస్‌ఎస్ నుంచి మామూలు కంటికి కనబడదనే చెప్పాడు, మరీ సన్నగా ఉంది, నేల ఒంపుల్లో, రంగుల్లో కలిసిపోతుందని కారణం కూడా ఇచ్చాడు.

రెండో వైపు కూడా మాటలున్నాయి. చంద్రుడి మీద ఆఖరుగా నడిచిన జీన్ సెర్నన్ 160 నుంచి 320 కిలోమీటర్ల కక్ష్యలో అయితే గోడ కంటికి కనిపిస్తుందనే అన్నాడు. ఎడ్ లూ అనే ఇంకో ఆస్ట్రోనాట్, చాలా వాటికంటే తక్కువగా కనిపిస్తుంది, ఎక్కడ చూడాలో తెలిసుండాలి అన్నాడు. 2004 నవంబర్‌లో లీరాయ్ చియావ్ ఐఎస్‌ఎస్ నుంచి 180 మిల్లీమీటర్ల లెన్సుతో ఇన్నర్ మంగోలియా ప్రాంతం ఫోటో తీశాడు, దాన్ని పెద్దది చేసి వెతికితే గోడ ముక్క దొరికింది, కానీ తీసిన మనిషే తన కంటితో గోడని చూశానని గట్టిగా చెప్పలేకపోయాడు. నేల మీద మంచు పడి ఉండి సూర్యుడు పక్కగా ఉంటే ఛాన్స్ పెరుగుతుంది, 7, 8 మీటర్ల ఎత్తు గోడకి సూర్యుడు పది డిగ్రీల మీద ఉన్నప్పుడు 40 మీటర్లకి పైనే నీడ పడుతుంది కాబట్టి కనబడేది గోడ కాదు, నీడ. ఇవన్నీ కలిపి చూస్తే తేలేది ఇది: చంద్రుడి నుంచి అసాధ్యం, ఐఎస్‌ఎస్ నుంచి మామూలుగా కనబడదు, బాగా తక్కువ కక్ష్యలో, మంచి వెలుతురులో, తెలిసినవాడు వెతికితే ఏమో. ఒకే ఒక్క నిర్మాణం అన్న ముక్క మాత్రం ఏ ఎత్తు నుంచి చూసినా అబద్ధమే, దుబాయ్‌లో సముద్రంలో కట్టిన పామ్ జుమేరా, స్పెయిన్‌లో ఆల్మెరియా దగ్గర వేల హెక్టార్ల మీద పరిచిన తెల్లటి ప్లాస్టిక్ గ్రీన్‌హౌసులు, ఇవి గోడ కంటే ఎన్నో రెట్లు ఈజీగా దొరుకుతాయి.

సరే, మనవాళ్ళు అడిగే అసలు ప్రశ్న వేరే. ఐఎస్‌ఎస్ మన మీదుగా వెళ్తుందా, వెళ్తే మనది ఏం కనబడుతుంది? వెళ్తుంది. దాని కక్ష్య భూమధ్యరేఖకి 51.6 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి 16.5 డిగ్రీల ఉత్తరాన ఉన్న విజయవాడ దాని దారిలో పడుతూనే ఉంటుంది. కాకపోతే అది సెకనుకి ఏడున్నర కిలోమీటర్లకి పైగా పోతుంది, విజయవాడ నుంచి గుంటూరు దాకా నాలుగు సెకన్లు. పైన కూర్చున్నవాళ్ళకి మన వారధి వెతుక్కునే టైం కూడా ఉండదు.

ప్రకాశం బ్యారేజీ తీసుకుందాం. పొడవు 1,223 మీటర్లు, అది 116 మీటర్ల కంటే పది రెట్లు ఎక్కువే, కానీ పైనున్న రోడ్డు వెడల్పు కొన్ని మీటర్లే. అంటే చైనా గోడ కేసే. అయినా బ్యారేజీ ఉన్న చోటు తెలుస్తుంది, ఎందుకంటే ఎండాకాలం ఎగువన నిండా నీళ్ళుంటాయి, దిగువన తెల్లటి ఇసుక మేటలు, ముదురు రంగు ఒక్కసారిగా ఆగిపోయి లేత రంగు మొదలవుతుంది. ఆ తేడా కిలోమీటరుకి పైగా వెడల్పున కత్తితో కోసినట్టు తిన్నగా ఉంటుంది, నది తనంతట తాను అలా ఆగదు. పైనున్నవాడికి కనబడేది బ్యారేజీ కాదు, బ్యారేజీ చేసిన పని. ఎగువనే ఉన్న భవానీ ద్వీపం 133 ఎకరాలు, నీళ్ళ మధ్య పచ్చటి చుక్క, అదీ దొరుకుతుంది. ఇంకా పైకి పోతే నాగార్జునసాగర్. మట్టికట్టలతో కలిపి డ్యామ్ పొడవు దాదాపు అయిదు కిలోమీటర్లు, ఎత్తు 124 మీటర్లు, కానీ కంటికి ఆనేది దాని వెనక 285 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న నీళ్ళే.

వీటన్నింటినీ మించింది ఒకటుంది, దాన్ని ఎవరూ కట్టడం అనరు. 1852-55 మధ్య విజయవాడ దగ్గర మొదటి ఆనకట్ట కట్టారు, అది 1952లో తెగిపోయాక కట్టిందే ఇప్పటి బ్యారేజీ, 1957లో తెరిచారు. దీని కింద బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, అటు గుంటూరు వైపు కొమ్మమూరు కాలువ, ఇలా అన్నీ కలిపి 12 లక్షల ఎకరాలకి పైగా తడుపుతున్నాయి. 12 లక్షల ఎకరాలంటే సుమారు 4,850 చదరపు కిలోమీటర్లు, చతురస్రంగా పేర్చుకుంటే ఒక్కో వైపు 70 కిలోమీటర్లు. కాలువ ఒక్కటీ కనబడకపోవచ్చు గానీ, ఖరీఫ్ నాట్లు పడి పైరు నిలదొక్కుకున్నాక, మబ్బు లేని రోజు దొరికితే, పడమటి మెట్ట పొలాలకీ డెల్టాకీ మధ్య రంగు మారే చోటు ఐఎస్‌ఎస్ నుంచి స్పష్టంగా తెలుస్తుంది. వాన మీద ఆధారపడ్డ నేల ఒక రంగు, కాలువ నీళ్ళు అందిన నేల ఇంకో రంగు. ఇదే చంద్రుడి నుంచి అయితే 70 కిలోమీటర్లు కూడా 112 కంటే తక్కువే, కాబట్టి అక్కడ నుంచి డెల్టా కూడా గల్లంతే.

డెల్టాకి తూర్పున కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువులు ఇంకా తేలిగ్గా దొరుకుతాయి. ఒక్కో చెరువూ పెద్దది కాకపోయినా గళ్ళు గళ్ళుగా కిలోమీటర్ల కొద్దీ ఉంటాయి, ప్రకృతిలో అంత కచ్చితమైన మూలలు ఉండవు, పైగా ఎండ తగిలితే నీళ్ళు తళుక్కుమంటాయి. కొల్లేరు ఎంత మిగిలింది, చెరువులు ఎంత మింగాయి అన్న గొడవలో ఉపగ్రహ చిత్రాలు సాక్ష్యంగా పనికొచ్చింది కూడా ఇందుకే. మిరప కల్లాల సంగతి మాత్రం బోర్డర్‌లో ఉంటుంది. గుంటూరు జిల్లాలో కోతల టైంలో పక్కపక్కన కల్లాలు కలిసి ఎకరం మేర ఎండబోశారనుకుందాం, ఎకరం అంటే వైపుకి 64 మీటర్లు, ఐఎస్‌ఎస్ నుంచి కావాల్సిన 116లో సగం. ఆకారం తెలీదు, కానీ నల్లరేగడి మీద అంత ఎర్రటి ఎరుపు కాబట్టి అక్కడేదో రంగు మారిందన్న అనుమానం రావచ్చు. మిరపకాయలు అంతరిక్షం నుంచి కనిపిస్తాయి అని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యకుండా ఉంటే మంచిది.

మరి గూగుల్ మ్యాప్స్‌లో మా డాబా మీద ట్యాంకు కూడా కనిపిస్తుంది కదా అంటారు. కనిపిస్తుంది, అది కన్ను కాదు. అక్కడ కనిపించే చిత్రాల్లో కొన్ని విమానాల నుంచి తీసినవి, మిగతావి పెద్ద టెలిస్కోపుల్లాంటి కెమెరాలున్న ఉపగ్రహాలవి. మన ఇస్రో 2019 నవంబర్ 27న శ్రీహరికోట నుంచి పంపిన కార్టోశాట్-3 సుమారు 500 కిలోమీటర్ల పైనుంచి పావు మీటరు సైజు వస్తువుని కూడా విడిగా పట్టగలదు. దానికి చైనా గోడేంటి, బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిన ఆటో కూడా ఒక లెక్క కాదు. కాబట్టి శాటిలైట్‌కి కనిపించడం, మనిషికి కనిపించడం రెండు వేర్వేరు సంగతులు, వార్తల హెడ్డింగుల్లో వీటిని ఎప్పుడూ కలిపేస్తారు. 2018 నవంబర్‌లో గుజరాత్‌లోని స్టాట్యూ ఆఫ్ యూనిటీ అంతరిక్షం నుంచి కనిపిస్తోందని ఒక ఫోటో తెగ తిరిగింది, ఫోటో నిజమైందే, కానీ అది ప్లానెట్ అనే కంపెనీ ఉపగ్రహం పక్కవాటంగా తీసింది. పక్కవాటం ముఖ్యం, 182 మీటర్ల విగ్రహమైనా నడినెత్తి మీద నుంచి చూస్తే తల, భుజాలే కదా. ఎత్తు అనేది కింద ఉన్నవాళ్ళ కోసం, పైనున్నవాడికి దాంతో పని లేదు. మన ఊళ్ళలో ఏ మాత్రం ఎత్తైనది కట్టినా స్పేస్ నుంచి కనిపిస్తుందట అనేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే సగం ఫార్వర్డ్‌లు తగ్గుతాయి.

రాత్రి పూట లెక్క మొత్తం మారిపోతుంది. నక్షత్రాలు మన కంటికి ఒక ఆర్క్ మినిట్‌లో వెయ్యో వంతు కూడా ఉండవు, అయినా కనిపిస్తాయి, ఎందుకంటే వెలుగుతాయి. చీకట్లో వెలిగేదానికి సైజు రూల్ వర్తించదు, ఎంత వెలుగు అన్నదే ముఖ్యం. అందుకే రాత్రి ఐఎస్‌ఎస్ నుంచి విజయవాడ, గుంటూరు, మధ్యలో మంగళగిరి, అన్నీ కలిసి వెలుగు మరకలా దొరుకుతాయి. థాయ్‌లాండ్ వైపు సముద్రంలో స్క్విడ్ పట్టే పడవలు పచ్చ లైట్లు వేసుకుంటాయి, ఆ పచ్చ వెలుగు చూసి ఐఎస్‌ఎస్‌లో ఉన్నవాళ్ళే ఇదేంటి అని ఆశ్చర్యపోయారు.

రాత్రి ఫోటోల్లో మనకి బాగా దగ్గరైన అబద్ధం దీపావళి ఫోటో. ప్రతి ఏడాదీ పండగ రోజు ఠంచనుగా వస్తుంది, నాసా తీసిన దీపావళి రాత్రి ఇండియా అని, దేశమంతా తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో మెరిసిపోతూ. అది ఒక రాత్రి తీసిన ఫోటోనే కాదు. అమెరికా వాతావరణ సంస్థ నోవాలో క్రిస్ ఎల్విడ్జ్ అనే సైంటిస్ట్ 2003లో తయారుచేసిన బొమ్మ, ఏళ్ళు గడిచేకొద్దీ మన ఊళ్ళలో కరెంటు దీపాలు ఎలా పెరిగాయో చూపించడానికి. తెలుపంటే 1992కి ముందే ఉన్న లైట్లు, నీలం 1992లో కనిపించినవి, ఆకుపచ్చ 1998లో, ఎరుపు 2003లో. అంటే అందులో మతాబులు లేవు, కొత్త కాలనీలున్నాయి. ఈ గోల చూసి నాసా, తన ఉపగ్రహం 2012 నవంబర్ 12న, అంటే ఆ ఏటి పండగ ముందు రోజు రాత్రి తీసిన నిజం చిత్రం బయటపెట్టింది, మామూలు రాత్రిలాగే ఉంది. దీపావళికి పెరిగే వెలుతురు అంత పైనుంచి ప్రత్యేకంగా తెలిసేంత కాదని వివరించింది కూడా. పండగ వెలుగు అసలు కొలవలేమని కాదు, అమెరికా నగరాల్లో క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ మధ్య వెలుగు 20 నుంచి 50 శాతం పెరుగుతుందని అదే ఉపగ్రహం డేటాతో తేల్చారు. కానీ అది రోజుల తరబడి వెలిగే లైట్ల లెక్క, సెన్సర్ అంకెల్లో కనిపించేది. చిచ్చుబుడ్డి నిమిషం కూడా ఉండదు.

సరిహద్దుల మాట కూడా ఇలాగే సగం నిజం. పైనుంచి చూస్తే దేశాల మధ్య గీతలు కనబడవని 2025 జూన్‌లో ఐఎస్‌ఎస్‌కి వెళ్ళిన శుభాంశు శుక్లా కూడా అన్నారు, పగలు చూస్తే నిజమే. రాత్రి మాత్రం ఒక గీత కనబడుతుంది, అది మనదే. ఇండియా పాకిస్తాన్ సరిహద్దు కంచె వెంట మనవాళ్ళు వేసిన ఫ్లడ్‌లైట్లు నారింజ రంగు చారలా వంకర్లు తిరుగుతూ పోవడం 2011 ఆగస్టులో ఐఎస్‌ఎస్ నుంచి తీసిన ఫోటోలో స్పష్టంగా ఉంది. వేల కిలోమీటర్ల గోడ చెయ్యలేని పని వరస లైట్లు చేశాయి.

ఇదంతా వినే బదులు లెక్క సొంతంగా చెక్ చేసుకోవాలనుకునేవాళ్ళకి ఉల్టా పరీక్ష ఒకటుంది. ఐఎస్‌ఎస్ పొడవు 109 మీటర్లు, నడినెత్తిన ఉన్నా మనకి 400 కిలోమీటర్ల దూరం, కావాల్సింది 116. అంటే కొద్దిలో తప్పిపోతుంది, ఆకారం తెలీదు, చుక్కలాగే ఉంటుంది. కానీ సూర్యుడి వెలుగు పడి మెరుస్తుంది కాబట్టి చుక్కగానైనా చాలా బాగా కనిపిస్తుంది, పొద్దు కుంకిన కాసేపటికో తెల్లవారుజామునో, మనకి చీకటి పడి దానికి ఇంకా ఎండ తగులుతున్న టైంలో. నాసావాళ్ళ స్పాట్ ద స్టేషన్‌లో విజయవాడ అని కొడితే ఏ రోజు ఎన్ని గంటలకి ఏ దిక్కు నుంచి వస్తుందో చెప్తుంది. బిల్డింగులు అడ్డం లేని చోటు చూసుకోండి, కృష్ణ కరకట్టయితే బెస్ట్. పడమర వైపు నుంచి లేచి, చప్పుడు లేకుండా, ఒకే వెలుగుతో అయిదారు నిమిషాల్లో తూర్పు వైపు దాటేస్తుంది. ఎర్ర లైటు టపటపా కొట్టుకుంటూ వెళ్తే మాత్రం అది గన్నవరంలో దిగబోయే ఫ్లైటు.